ల్యాప్‌టాప్ కీబోర్డు సెట్‌కి ఎక్స్‌ప్రెషన్ పెడల్ ఎలా ఎంచుకోవాలి, ఎలా కలపాలి

రెండు చేతులూ కీల మీద ఉన్నప్పుడు వెనకున్న స్ట్రింగ్స్ మెల్లగా పైకి లేవాలన్నా, సన్నాయి బాణీ చివర స్వరం సన్నగిల్లి ఆగాలన్నా ఖాళీగా మిగిలేది కాలొక్కటే. భీమవరంలో పెళ్లి ఆర్కెస్ట్రా అయినా, రాజోలు వైపు ఆదివారం ఆరాధన అయినా, ల్యాప్‌టాప్‌తో వాయించేవాళ్లకు ఇప్పుడు మంచి శబ్దాలకు కొదవ లేదు. కానీ స్వరం పలికాక పెరగడం, తగ్గడం లేకపోతే ఎంత మంచి వయొలిన్ శాంపిలైనా కీబోర్డులాగే వినిపిస్తుంది. ఆ లోటు తీర్చేది ఎక్స్‌ప్రెషన్ పెడల్.

చాలామంది దీన్ని బ్రాండు చూసి కొంటారు, ఇంటికొచ్చాక సరిగా పనిచేయక మూలన పడేస్తారు. పిన్ను అన్నిటికీ ఒకేలా ఉంటుంది గానీ లోపల తీగలు కలిపిన వరస కంపెనీని బట్టి మారుతుంది. అందుకే ముందు మీ కీబోర్డు సాకెట్, తర్వాత వైరింగ్, ఆ తర్వాత మీరు వాయించే నేల చూడండి. బ్రాండు సంగతి చివర్లో.

కీబోర్డు వెనక్కి తిప్పి చూడండి

మీ మిడి కీబోర్డు (నొక్కిన స్వరాల్ని, పెడల్ కదలికల్ని అంకెలుగా ల్యాప్‌టాప్‌కి పంపేది) వెనక 6.35 మి.మీ. సాకెట్లు ఎన్ని ఉన్నాయో, వాటి పక్కన ఏం రాసుందో చూడండి. "ఎక్స్‌ప్రెషన్" అనో "ఫుట్ కంట్రోలర్" అనో ఉంటే సగం పని అయినట్టే. 25 కీల చిన్న కీబోర్డుల్లో చాలావాటికి "సస్టెయిన్" ఒక్కటే ఉంటుంది. అది స్విచ్చి సాకెట్. తెరిచి ఉందా, మూసి ఉందా అన్నంతవరకే దానికి తెలుస్తుంది. అందులో ఎక్స్‌ప్రెషన్ పెడల్ గుచ్చితే పాడవదు గానీ, పెడల్ ఎక్కడో ఒకచోటు దాటగానే స్వరాలు ఒక్కసారిగా సాగడమో, ఆగడమో జరుగుతుంది, అంతే. కొన్ని కీబోర్డుల్లో మాత్రం ఆ ఒక్క సాకెట్‌నే సెట్టింగుల్లో ఎక్స్‌ప్రెషన్‌గా మార్చుకోవచ్చు, కాబట్టి మాన్యువల్ చూడకుండా లేదనుకోకండి.

గిటార్ వాల్యూమ్ పెడల్‌తో దీన్ని పొరబడకండి. ఆకారం ఒకటే. వాల్యూమ్ పెడల్‌లో పాటే తీగలోంచి పోతుంది, ఇన్‌పుట్, అవుట్‌పుట్ అని రెండు మోనో సాకెట్లుంటాయి. ఎక్స్‌ప్రెషన్ పెడల్‌లో పాట పోదు. లోపల ఉండేది ఒక వాల్యూమ్ కంట్రోల్, అంటే పొటెన్షియోమీటర్ మాత్రమే. దాని స్థానాన్ని కీబోర్డు చదివి 0 నుంచి 127 వరకు అంకెగా మార్చి ల్యాప్‌టాప్‌కి పంపుతుంది. కొన్ని వాల్యూమ్ పెడళ్లకు విడిగా ఎక్స్‌ప్రెషన్ అవుట్ కూడా ఉంటుంది, అలాంటిదైతే పనికొస్తుంది.

కీబోర్డుకి సాకెట్ అసలే లేకపోతే, సరాసరి ల్యాప్‌టాప్‌కి కలిసే పెడల్ చూడాలి. బాస్ ఈవీ-1-డబ్ల్యుఎల్ యూఎస్‌బీతోనూ, బ్లూటూత్‌తోనూ మిడి పంపుతుంది. పెళ్లి పందిట్లో బ్లూటూత్ మీద ఆధారపడకండి. వందలకొద్దీ ఫోన్లు చుట్టూ ఉన్నచోట ఆలస్యమూ, తెగిపోవడమూ రెండూ ఉంటాయి. అదే పెడల్‌ని యూఎస్‌బీ తీగతో వాడండి. బెరింజర్ ఎఫ్‌సీబీ1010 మీద రెండు ఎక్స్‌ప్రెషన్ పెడళ్లు బిగించే ఉంటాయి గానీ అది పెద్ద బల్ల, మెయిన్స్ కరెంటు మీద నడుస్తుంది, ఐదు పిన్నుల మిడి తీగ కాబట్టి యూఎస్‌బీకి మార్చే కేబుల్ విడిగా కొనాలి. మన దగ్గర కరెంటు పోయి జనరేటర్ ఎత్తుకునేలోపు అది ఆగి మళ్లీ మొదలవుతుంది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద యూఎస్‌బీతో నడిచే వస్తువుకి ఆ బెడద లేదు. ఊరూరా తిరిగేవాళ్లు యూఎస్‌బీ వైపే మొగ్గడం మంచిది.

టిప్పు, రింగు, స్లీవు

పెడల్ పిన్ను మీద రెండు నల్ల గీతలుంటాయి. అవి పిన్నుని మూడు భాగాలు చేస్తాయి: కొస టిప్పు, మధ్యది రింగు, మొదలు స్లీవు. ఒకే గీత ఉన్న గిటార్ తీగ వాడితే రింగు, స్లీవు కలిసిపోయి పెడల్ పనిచేయదు. తీగ విడిగా గుచ్చుకునే పెడల్ కొంటే స్టీరియో తీగే తీసుకోండి.

స్లీవు ఎప్పుడూ ఎర్తే. తేడా అంతా మిగతా రెండింటిలో ఉంది. పాట్‌కి (పొటెన్షియోమీటర్‌కి) మూడు లోహపు కాళ్లుంటాయి: రెండు చివర్లవి, మధ్యది పెడల్‌తో పాటు కదిలేది. రోలాండ్ ఈవీ-5లో కదిలే మధ్య కాలు టిప్పుకి, కీబోర్డు ఇచ్చే వోల్టేజి రింగుకి వస్తాయి. అందులో ఉన్నది 10 కిలోఓమ్‌ల పాట్. యమహా ఎఫ్‌సీ7లో ఇది తలకిందులు: కదిలే కాలు రింగుకి, వోల్టేజి టిప్పుకి. పాట్ 50 కిలోఓమ్‌లు. ఎం-ఆడియో ఈఎక్స్-పీ, మూగ్ ఈపీ-3 లాంటివాటికి ఈ వరస మార్చే చిన్న స్విచ్చి ఉంటుంది. కీబోర్డు ఇంకా ఖాయం కానివాళ్లు, రెండు మూడు బృందాల్లో వేర్వేరు కీబోర్డుల మీద వాయించేవాళ్లు స్విచ్చి ఉన్న పెడలే కొనండి. ఇది మా గట్టి సలహా.

వరస తప్పితే ఏమవుతుందో గుర్తుపట్టడం తేలిక. మడమ వైపు నుంచి కాస్త కదపగానే శబ్దం ఒక్కసారిగా పైకి ఎగురుతుంది, మిగతా దూరమంతా తొక్కినా దాదాపు అక్కడే ఉంటుంది. కదిలే కాలికి వోల్టేజి పోతోంది కాబట్టి పాట్ మామూలు రెసిస్టర్‌లా మిగిలిపోతుంది, మొదటి కొద్ది దూరంలోనే కీబోర్డు చదివే విలువ నిండిపోతుంది. పెడల్ చెడిపోయిందని దుకాణానికి తిప్పి పంపేవాటిలో ఇలాంటివీ ఉంటాయి.

పాత పెడల్ చేతికొస్తే, లేదా ఏ వరసో తెలియకపోతే, మామూలు పసుపుపచ్చ మల్టీమీటర్ చాలు:

1. పెడల్‌కి కనిష్ఠ స్థాయి తిప్పే బుడిపె ఉంటే (ఈవీ-5కి పక్కన ఉంటుంది) పూర్తిగా సున్నాకి తిప్పండి.
2. మీటర్‌ని 200 కిలోఓమ్‌ల దగ్గర పెట్టండి. 20 దగ్గర పెడితే 50 కిలోఓమ్‌ల పెడల్‌కి "1" అని మాత్రమే చూపిస్తుంది, తెగిపోయిందనుకుంటారు.
3. టిప్పు-రింగు, రింగు-స్లీవు, టిప్పు-స్లీవు, ఈ మూడు జతలూ ఒక్కొక్కటే కొలుస్తూ పెడల్‌ని ఈ కొస నుంచి ఆ కొసకి కదపండి.
4. ఏ జతలో అంకె మారకుండా నిలబడుతుందో అవి పాట్ రెండు చివర్లు. మూడోది కదిలే కాలు.
5. కదిలే కాలు టిప్పు అయితే రోలాండ్ వరస, రింగు అయితే యమహా వరస.
6. ఇప్పుడు కదిలే కాలికీ స్లీవుకీ మధ్య కొలుస్తూ పెడల్‌ని సరిగ్గా సగంలో ఆపండి. మొత్తం విలువలో సుమారు సగం వస్తే లీనియర్ పాట్. బాగా తక్కువ వస్తే లాగ్ పాట్: పైకొసలోనే మార్పంతా జరిగిపోతుంది, కాలికి పట్టు దొరకదు. విడిగా కొనే పాట్ మీద బీ అంటే సాధారణంగా లీనియర్, ఏ అంటే లాగ్.
7. చివరిగా చాలా నెమ్మదిగా కదపండి. అంకె మధ్యలో ఉన్నట్టుండి "1" అయి తిరిగొస్తే లోపల ట్రాక్ మురికి పట్టినట్టు.

వరస కలవకపోతే పెడల్ విప్పక్కర్లేదు. 6.35 మి.మీ. స్టీరియో పిన్ను ఒకటి, తీగకి బిగించే స్టీరియో సాకెట్ ఒకటి, షీల్డు ఉన్న రెండు కోర్ల తీగ ఒక అడుగు తీసుకోండి. స్లీవుకి స్లీవు, సాకెట్ టిప్పుని పిన్ను రింగుకి, సాకెట్ రింగుని పిన్ను టిప్పుకి టంకం వేయండి. రాజమండ్రి, కాకినాడల్లో యాంప్లిఫయర్లు బాగుచేసే ఏ దుకాణంలోనైనా పావుగంట పని. దాని మీద "టిప్పు-రింగు మార్పిడి" అని టేపు అంటించి ఉంచండి, లేకపోతే ఇంకెవరో మామూలు పొడిగింపు తీగ అనుకుని పట్టుకుపోతారు.

సొంతంగా యూఎస్‌బీ పెట్టె చేసుకోవాలంటే

టంకం చేయి తిరిగినవాళ్లకు ఇది మంచి దారి. ఆర్డుయినో ప్రో మైక్రో గానీ లియొనార్డో గానీ తీసుకోండి. వాటి మీదున్న ఏటీమెగా32యూ4 చిప్ ల్యాప్‌టాప్‌కి తానే మిడి పరికరంగా కనిపించగలదు. ఉనో తీసుకుంటే అది సరాసరి కుదరదు. రోలాండ్ వరస పెడల్‌కైతే సాకెట్ స్లీవు గ్రౌండుకి, టిప్పు ఏ0 అనే అనలాగ్ పిన్నుకి, రింగుని 220 ఓమ్‌ల రెసిస్టర్ మీదుగా 5 వోల్టులకి కలపండి. ఆ రెసిస్టర్ మానేయకండి. పిన్ను సగం దూరిన క్షణంలో రింగు, స్లీవు కలిసిపోతాయి, రెసిస్టర్ లేకపోతే 5 వోల్టులు నేరుగా షార్టవుతాయి, ల్యాప్‌టాప్ ఆ యూఎస్‌బీ పోర్టునే ఆపేయొచ్చు. టిప్పుకీ గ్రౌండుకీ మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి పెడితే వణుకు తగ్గుతుంది.

ఏ0 దగ్గర ఆర్డుయినో 0 నుంచి 1023 వరకు చదవగలదు. 10 కిలోఓమ్‌ల పెడల్‌తో రీడింగ్ 1023 దాకా పోదు, 1000 దగ్గర ఆగుతుంది. ప్రోగ్రాములో 1000నే పూర్తి తొక్కుడుగా లెక్కించండి. ఎనిమిది రీడింగుల సగటు తీసుకుని, అది ఆరు మెట్లకన్నా ఎక్కువ మారితేనే మిడి పంపించండి. ఈ రెండూ చేయకపోతే కాలు కదపకపోయినా అంకెలు కారుతూనే ఉంటాయి.

నేల, కాలు

పెడళ్లను సమీక్షించేవాళ్లు సాధారణంగా బూట్లేసుకుని తొక్కుతారు. మన దగ్గర గుడి మండపంలో, చర్చి వేదిక మీద చెప్పులు బయటే. ఒట్టి కాలితో తొక్కేటప్పుడు ఇనుప గాడుల పెడల్ అరగంటలో అరికాలిని నొక్కేస్తుంది. పైన మెత్తటి రబ్బరు ఉన్నది తీసుకోండి. బిగువు కూడా ఒట్టి కాలితోనే చూడండి: వేళ్లతో మాత్రమే నెట్టగలిగేంత తేలికగా ఉండాలి, వదిలేస్తే ఉన్నచోటే నిలవాలి. స్ప్రింగుతో వెనక్కొచ్చే పెడల్ వావా లాంటి ఆటలకే. స్ట్రింగ్స్‌ని సగంలో ఉంచి పల్లవంతా వాయించేవాళ్లకు అది పనికిరాదు.

నిలబడి వాయించేవాళ్లు ఒక విషయం ముందే ఆలోచించుకోవాలి. బరువంతా ఒక కాలి మీద మోస్తూ రెండో కాలితో సస్టెయిన్, ఎక్స్‌ప్రెషన్ రెండూ నడపడం అయ్యే పని కాదు. ఎత్తు స్టూలు ఒకటి వేయించుకుని కుడికాలికి సస్టెయిన్, ఎడమకాలికి ఎక్స్‌ప్రెషన్ అలవాటు చేసుకోండి. భజనల్లో చాప మీద కూర్చుని వాయించేవాళ్లు పెడల్ కొననే వద్దు. కీబోర్డు మీదున్న స్లైడర్‌కో, మాడ్యులేషన్ చక్రానికో అదే పని అప్పగించండి.

చెక్కబల్లల స్టేజీ మీద పరిచిన తివాచీ అయినా, చర్చిలో నున్నటి గచ్చు అయినా పెడల్ ముందుకు జారుతుంది. మూడో పాటకల్లా అది స్టాండు అవతల ఉంటుంది. దీనికి తిరుగులేని మందు పలక. 12 మి.మీ. వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ 45 × 35 సెం.మీ. కోయించి, అడుగున పాత ట్యూబు ముక్కలు పంక్చరు సొల్యూషన్‌తో అతికించండి. పైన రెండు పెడళ్లనూ వెల్క్రోతో పట్టించండి. పెడల్ అడుగున రబ్బరు పాదాలుంటే వెల్క్రో అంటదు, ముందు వాటిని ఊడదీసి దాచుకోండి. చాలా పెడళ్లకు తీగ లోపలికే అతికి వస్తుంది, తెగేది ఆ మొదట్లోనే. తీగని ఒక చుట్టు చుట్టి పలకకు టై బిగించండి, పెడల్ దగ్గర నాలుగు వేళ్లంత వదులు ఉండనివ్వండి. ఎవరైనా తీగ తన్నినా లాగుడు పలక మీద పడుతుంది, పెడల్ మీద పడదు.

బరువు కూడా చూసుకోండి. బైకు మీద నరసాపురం రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లి దిగేవాళ్ల భుజాన ల్యాప్‌టాప్ సంచీ, వీపున కీబోర్డు ఉంటాయి. ఇనుప పెడల్ గట్టిదే గానీ సంచీలో ల్యాప్‌టాప్ తెర మీద పడితే తెరే పగులుతుంది. ఆ ప్రయాణానికి ప్లాస్టిక్ పెడల్ చాలు. దానికి విడి అర పెట్టండి.

ల్యాప్‌టాప్‌లో కలపడం

పెడల్ గుచ్చాకే కీబోర్డు యూఎస్‌బీ పెట్టండి. సస్టెయిన్ పెడల్ విషయంలో ఇది మరీ ముఖ్యం: చాలా కీబోర్డులు ఆన్ అయ్యే క్షణంలో పెడల్ ఎలా ఉందో చూసి దాన్నే "వదిలిన స్థితి" అనుకుంటాయి. ఆ క్షణంలో కాలు దాని మీద ఉంటే ఆ పూటంతా తొక్కితే ఆగుతుంది, వదిలితే సాగుతుంది.

విండోస్‌లో మిడి-ఆక్స్ (వచ్చే మిడి అంకెల్ని తెర మీద చూపించే ప్రోగ్రాము) తెరిచి పెడల్ కదపండి. పెడల్, చక్రం లాంటి ప్రతి కంట్రోల్‌కీ మిడిలో ఒక నంబరుంటుంది, దాన్నే సీసీ అంటారు. ఆ ప్రోగ్రాము మామూలుగా హెక్సాలో (పదహారు ఆధారంగా రాసే అంకెల్లో) చూపిస్తుంది కాబట్టి సీసీ11 అక్కడ 0బీగా కనిపిస్తుంది. డేటా2 గడిలోని అంకె మడమ వైపు ఎంత, వేళ్ల వైపు ఎంత అని రాసుకోండి. 4 నుంచి 121 వరకే (హెక్సాలో 04 నుంచి 79) వస్తే పెడల్‌ది తప్పు కాదు, మామూలే. తర్వాత మిడి-ఆక్స్ మూసేయండి. కొన్ని డ్రైవర్లు ఒకేసారి రెండు ప్రోగ్రాములకు అందవు, అది తెరిచి ఉంటే మీ వాయించే ప్రోగ్రాముకి కీబోర్డే కనబడకపోవచ్చు.

వాయించే ప్రోగ్రాముగా కాంటాబైల్, గిగ్ పెర్ఫార్మర్, మ్యాక్‌లో మెయిన్‌స్టేజ్, ఏది వాడినా ఆ 4-121 హద్దుల్ని 0-127కి సాగదీయండి. ఇక ఏ నంబరు ఇవ్వాలి? సీసీ7 వాల్యూమ్, సీసీ11 ఎక్స్‌ప్రెషన్. సీసీ7 కాలవ మీది లాకు, సీసీ11 మీ చేను తూము. లాకుల దగ్గర ఎంత వదిలారో అందులోంచే తూము తీసుకుంటుంది. సౌండ్‌చెక్‌లో శబ్దాల మధ్య తూకం సీసీ7తో సరిచేసి, దాని జోలికి మళ్లీ పోకుండా పాటలో సీసీ11 మాత్రమే కాలికి ఇవ్వండి. కాలికి సీసీ7 ఇచ్చారంటే మొదటి తొక్కుడుకే ఆ తూకం పోతుంది.

పియానో, స్ట్రింగ్స్ కలిపి వాయించే ఆరాధన పాటలకు పెడల్ స్ట్రింగ్స్ లేయర్‌కి మాత్రమే తగిలించండి, పియానోని తాకనివ్వకండి. పై హద్దు 127 కాకుండా 100 దగ్గర ఆపితే ఉద్వేగంలో పూర్తిగా తొక్కినా గొంతుల్ని ముంచదు. సన్నాయి, వయొలిన్ సోలోలకు కింది హద్దు 40 పెట్టండి. సున్నా పెడితే గమకం మధ్యలో స్వరం మాయమవుతుంది. బెండ్ చక్రం ఎడమచేతిలో, ఊపు కాలిలో ఉంటే జారుడు పలికేటప్పుడు శబ్దం కూడా కాస్త తగ్గించి మళ్లీ ఎత్తొచ్చు. ఒక్కసారి ఈ రెండూ కలిపి సాధన చేస్తే తేడా చెవికే తెలుస్తుంది. కొన్ని ఆర్కెస్ట్రా లైబ్రరీల్లో మెత్తటి వాయింపు నుంచి గట్టి వాయింపుకి శబ్దం మారేది సీసీ1తో, అంటే మాడ్యులేషన్ చక్రం నంబరుతో. అక్కడ సీసీ11 ఒక్కటే ఇస్తే శబ్దం పెద్దదవుతుంది గానీ రంగు మారదు. పెడల్‌ని రెండింటికీ ఇవ్వండి.

విండోస్ పవర్ సెట్టింగుల్లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపేయండి. పాస్టర్‌గారి ప్రసంగం సాగినంతసేపు ఏ కీ తాకకపోతే ల్యాప్‌టాప్ ఆ పోర్టుని నిద్రపుచ్చి, ముగింపు పాటకి పరికరం కనబడకుండా చేయొచ్చు.

ఏది తప్పుతుంది, ఎందుకు

సభలో స్పీకర్లలో హమ్ (ఆగకుండా వచ్చే గుయ్‌మనే మోత) వస్తే పెడల్‌ని అనుమానించకండి, అందులో పాట పోవడం లేదు. ఛార్జరు ఊడదీసి చూడండి. ఆగిపోతే దోషం అక్కడే, ల్యాప్‌టాప్‌కీ మిక్సర్‌కీ మధ్య గ్రౌండ్ లిఫ్ట్ (ఎర్తు కలయికని విడదీసే స్విచ్చి) ఉన్న డీఐ బాక్స్ పెట్టండి.

పాట మారగానే శబ్దం ఉలిక్కిపడి ఎగిరితే, కొత్త పాట సెట్టింగుకి పెడల్ ఎక్కడుందో తెలియక పాత విలువతో మొదలైందన్నమాట. పాట మార్చిన వెంటనే, మొదటి స్వరం ముందే, పెడల్‌ని ఒకసారి కొద్దిగా కదపండి. కాలు కదపకుండానే శబ్దం వణికితే ట్రాక్ మురికి, లేదా తీగ మొదట్లో విరిగింది. తీగని అటూ ఇటూ వంచుతూ మిడి-ఆక్స్‌లో అంకెలు చూస్తే ఏదో తెలిసిపోతుంది.

అంతర్వేది తీర్థానికో, ఓడలరేవు వైపో వాయించి వచ్చినప్పుడు ఉప్పుగాలి, ఇసుక రెండూ పెడల్‌లోకి చేరతాయి. ఇంటికి రాగానే తడి లేని బ్రష్‌తో దులిపి, సిలికా జెల్ పొట్లంతో జిప్ కవర్లో పెట్టండి. వణుకు మొదలైతే అడుగుమూత విప్పి పాట్ కాళ్ల దగ్గరి సందులోకి ఎలక్ట్రానిక్ కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా కొట్టి, ఇరవై ముప్పై సార్లు ఈ కొస నుంచి ఆ కొసకి తొక్కి ఆరనివ్వండి. తాళాలకు కొట్టే మామూలు నూనె స్ప్రే వద్దు, దాని జిడ్డుకి దుమ్ము అంటుకుని ఇంకా పాడవుతుంది. పళ్లచక్రం మీద పాట్ తిరిగే రకమైతే, మూత మూసేముందు పెడల్ మడమ వైపు ఉన్నప్పుడు పాట్ కూడా సున్నా దగ్గరే ఉందో లేదో మీటర్‌తో చూడండి. ఒక పన్ను తప్పినా పై కొస అందదు.

స్టేజీ మీద పెడల్ చచ్చిపోతే చాలాసార్లు సీసీ11 సున్నా దగ్గరే ఉండిపోతుంది. మిక్సర్ దగ్గరి కుర్రాడు ఫేడర్ ఎంత పెంచినా శబ్దం రాదు. దీనికి ముందే ఏర్పాటు చేసుకోండి. కీబోర్డు మీద మీరు వాడని ప్యాడ్ ఒకదానికి "సీసీ11 = 127" పంపే పని, ఇంకోదానికి పెడల్ రూట్‌ని పూర్తిగా ఆపే పని ఇవ్వండి. ముందు రెండోది నొక్కాలి, తర్వాత మొదటిది. తిరగేసి నొక్కితే, చెడిన పెడల్ పంపే పిచ్చి అంకెలు మీరు పంపిన 127ని వెంటనే చెరిపేస్తాయి.